రాగిపట్టీతో అతికిన గాజు టెర్రేరియం: అతుకుల మీద తెల్లపొడి, లోపల కుళ్ళిన ఫెర్న్

తీగమల్లె, విజయవాడ:
సభ్యులందరికీ నమస్కారం. ఇంట్లో స్టెయిన్డ్ గ్లాస్ (రంగుగాజు ముక్కలను అతికే) పని నేర్చుకోవడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది. రెండు చిన్న కిటికీ బిళ్ళలు చేసిన ధైర్యంతో మొదటిసారి ఒక టెర్రేరియం (మొక్కలు పెంచే గాజుపెట్టె) కట్టాను. ఆకారం పెంకుటిల్లు లాంటిది: అడుగు పలక 20 సెంటీమీటర్లు పొడవు, 15 వెడల్పు; గోడలు 15 ఎత్తు; నడికొప్పు గోడల పైన మరో 7.5 ఎత్తు. గోడలకు అద్దాల దుకాణంలో కోయించిన 3 మిల్లీమీటర్ల మామూలు గాజు, పైకప్పు రెండు పలకలకూ ముదురు నీలం గాజు వాడాను. గాజు అంచులకు 5.5 మిల్లీమీటర్ల వెడల్పు జిగురు రాగిపట్టీ చుట్టి, 60/40 (తగరం 60, సీసం 40 పాళ్ళు) టంకంతో అతికాను. నీళ్ళు కారకూడదని అడుగున లోపలివైపు అతుకుల వెంట సిలికాన్ పూసి, మర్నాడే మట్టి నింపి మొక్కలు పెట్టి, కప్పు మూసి తూర్పు కిటికీ దగ్గర ఉంచాను.

మూడు వారాలకు లోపలి అతుకుల మీద పిండి చల్లినట్టు తెల్లపొడి పేరుకుంది. బోస్టన్ ఫెర్న్ ఆకులు గోధుమరంగుకు తిరిగి మొదలు దగ్గర కుళ్ళిపోయాయి. ఫిటోనియా అనే చిన్న ఆకుమొక్క బతికే ఉంది గానీ, కాడ సాగి ఆకులు చిన్నవైపోయాయి. తప్పు టంకంలో ఉందా, మొక్కల ఎంపికలో ఉందా, నేను ఉంచిన చోటులో ఉందా అన్నది తేలడం లేదు. ఈ పెట్టెను బాగుచేసుకునే దారి ఏదైనా ఉందా?

టంకంపని, హైదరాబాద్:
తీగమల్లె గారూ, జవాబు చెప్పేముందు మూడు సంగతులు తెలియాలి. మీరు పూసిన సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చిందా? టంకం లోహానికి పట్టేందుకు ముందుగా పూసే ఫ్లక్స్ ఏది వాడారు, టంకం పని అయ్యాక పెట్టెను దేనితో కడిగారు? తెల్లపొడి అన్ని అతుకుల మీదా సమానంగా ఉందా, అడుగునే ఎక్కువగా ఉందా?

తీగమల్లె, విజయవాడ:
వెనిగర్ వాసన గట్టిగానే వచ్చిందండీ. మొక్కలు పెట్టేటప్పుడు కూడా పెట్టెలోంచి ఆ వాసన పోలేదు. ఫ్లక్స్ సంగతికి వస్తే, మొదట రేడియోలు బాగుచేసేవాళ్ళు వాడే పేస్టు పూశాను, టంకం పారలేదు. తరువాత రేకుపని చేసే ఆయన దగ్గర జింక్ క్లోరైడ్ ద్రవం తెచ్చి దానితో పూర్తిచేశాను. పని అయ్యాక తడిగుడ్డతో తుడిచాను తప్ప కడగలేదు. పొడి అడుగు అతుకుల మీద దట్టంగానూ, కొప్పు దగ్గర పలచగానూ ఉంది. బయటివైపు అసలు లేదు.

టంకంపని, హైదరాబాద్:
అయితే మీ ప్రశ్నలో సగానికి జవాబు దొరికినట్టే.

వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుదల చేస్తుంది. స్నానాల గదిలో పూసినప్పుడు ఆ ఆవిరి గాలిలో కలిసిపోతుంది కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మీరు మర్నాడే మూత వేసినందువల్ల అది పెట్టెలోనే చిక్కుకుంది. మీ టంకంలో నూటికి నలభై పాళ్ళు సీసం ఉంది. సీసానికి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి, తేమ, వెచ్చదనం, కాస్త బొగ్గుపులుసు వాయువు తోడైతే ఏమవుతుందో రంగుల చరిత్ర తెలిసినవారికి కొత్త కాదు: పూర్వం ఐరోపాలో చిత్రకారులు వాడిన తెల్లసీసం అనే రంగును సరిగ్గా ఇలాగే చేసేవారు. మట్టికుండల్లో వెనిగర్ పోసి, దాని పైన సీసపు రేకులు పెట్టి, చుట్టూ పేడ పేర్చి కొన్ని వారాలు మూసి ఉంచితే రేకుల మీద తెల్లని పెచ్చు కట్టేది. మీ పెంకుటింట్లో జరిగింది ఆ పనే, పేడకు బదులు తూర్పు ఎండ వెచ్చబెట్టింది. బయట పొడి లేకపోవడానికీ, సిలికాన్ ఉన్న అడుగున ఎక్కువగా ఉండడానికీ కారణం ఇదే. పైన కనిపించిన పలచని పొరలో మాత్రం కడగకుండా వదిలేసిన జింక్ క్లోరైడ్ వాటా కూడా ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకుని అతుకును ఎప్పటికీ తడిగా, ఆమ్లంగా ఉంచుతుంది.

ఇప్పుడు చేయవలసింది జాగ్రత్తగా చదవండి. ఆ పొడి సీసపు లవణం, విషం. పొడిగా ఉన్నప్పుడు బ్రష్‌తో రాయకండి, ఊదకండి. చేతులకు తొడుగులు వేసుకుని, తడి కాగితపు గుడ్డలతో తుడిచి, వాటిని సంచిలో కట్టి పారవేయండి. సిలికాన్‌ను బ్లేడుతో పూర్తిగా కోసి తీయండి. తరువాత గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు, రెండు చెంచాల వంటసోడా కలిపి, పాత పళ్ళ బ్రష్‌తో ప్రతి అతుకునూ రెండు వైపులా తోమి కడగండి. సోడా మిగిలిన ఆమ్లాన్ని విరుస్తుంది. ఆ బ్రష్ మళ్ళీ ఇంటి పనికి రాదు, కడిగిన నీళ్ళు కూరమొక్కల మొదట్లో పోయకూడదు. పెట్టె పూర్తిగా ఆరాక అతుకులు బూడిదరంగులో కనిపిస్తే కంగారు పడవద్దు, మెత్తని ఉక్కుపీచుతో నీళ్ళలో తడుపుతూ రుద్దితే మెరుపు తిరిగి వస్తుంది. చివరగా కార్లకు పూసే మైనం పలచగా పట్టిస్తే గాలీ తేమా అతుకును అంత త్వరగా తాకవు.

మళ్ళీ సిలికాన్ పూయాలనుకుంటే న్యూట్రల్ రకం (వెనిగర్ వాసన రానిది) అని గొట్టం మీద రాసి ఉన్నది తీసుకుని, పూశాక కనీసం వారం రోజులు మూత తెరిచి ఉంచండి. నా అలవాటు మాత్రం వేరు: పెట్టెలో అసలు మట్టి పోయను. లోపలి కొలతకు సరిపడే ఆరు సెంటీమీటర్ల ఎత్తు ప్లాస్టిక్ ట్రేలో మొక్కలు పెట్టి, ఆ ట్రేను పెట్టెలో దించుతాను. తడిమట్టి అతుకును తాకదు, మొక్క చస్తే ట్రే ఒక్కటే బయటికి తీస్తాను. ఎవరైనా ఇందులో పుదీనాయో కొత్తిమీరో పెంచుదామనుకుంటే ఆ ఆలోచన మానుకోవాలి. సీసం ఉన్న పెట్టెలో తినేవి పెంచరాదు.

కంసాలివీధి, రాజమహేంద్రవరం:
టంకంపని గారు చెప్పినదానికి నా చేతికాలిన అనుభవం ఒకటి కలుపుతాను. మా తాతగారు బంగారపు పని చేసేవారు. ఆయన పెట్టెలో వెలిగారం ఇంకా ఉంది కదా, అదీ ఫ్లక్సే కదా అనుకుని నా మొదటి గాజు పలకకు నీళ్ళలో అరగదీసి పూశాను. టంకం బొట్లు బొట్లుగా నిలిచి రాగి మీదినుంచి జారిపోయింది. తరువాత తెలిసిందేమంటే, వెలిగారం కరగడానికే 740 డిగ్రీలు దాటాలి, మన టంకమేమో 190 డిగ్రీల లోపే కరుగుతుంది. కంసాలి కుంపటికి సరిపోయిన మందు ఈ పనికి నిద్రలేవనైనా లేవదు.

తాతగారి పెట్టెలో దొరికిన ఇంకొక వస్తువు మాత్రం పనికొచ్చింది, అది నవాసాగరం గడ్డ. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు చల్లే తెల్లని పొడి అదే. టంకం కరిగించే ఐరన్ మొన నల్లబడి టంకం అంటనప్పుడు, వేడిమీద ఆ గడ్డకు రుద్ది కొంచెం టంకం తాకిస్తే మొన అద్దంలా తళతళలాడుతుంది. ఆ సమయంలో లేచే తెల్లపొగ గొంతు పట్టేస్తుంది, కిటికీ తెరిచే చేయాలి.

అసలు తీగమల్లె గారి టంకం మొదట పారకపోవడానికి పేస్టుతోపాటు ఐరన్ కూడా కారణమై ఉంటుందని నా అనుమానం. రేడియో పనికి వాడే 25 వాట్ల ఐరన్ గాజు పలక పక్కన పెడితే చల్లబడిపోతుంది. గాజూ రాగీ కలిసి వేడిని లాగేస్తాయి. ఎనభై నుంచి వంద వాట్లది, వెడల్పు మొన ఉన్నది, వేడి తగ్గించి పెంచుకునే వీలున్నది కావాలి. టంకపు తీగ కూడా లోపల రోజిన్ (చెట్టుబంకతో చేసే ఫ్లక్స్) నింపినది కాకుండా గట్టి తీగే అయి ఉండాలి, ఎందుకంటే రోజిన్ మాడి అతుకు మీద నల్లని మరకలు మిగులుస్తుంది, వాటి మీద ఆ తరువాత పాటినా (అతుకుకు రంగు తెచ్చే ద్రవం) పట్టదు.

తీగమల్లె, విజయవాడ:
నా ఐరన్ 60 వాట్లదండీ, తీగ రోజిన్ నింపినదే. నల్లమరకల రహస్యం ఇప్పుడు తెలిసింది. మూలల్లో టంకం నిలవకుండా కింది పలక మీదికి కారిపోవడం నాకు మరొక బాధ. దానికేమైనా ఉపాయం ఉందా?

కంసాలివీధి, రాజమహేంద్రవరం:
మూల ఎప్పుడూ ఆకాశం వైపు చూడాలి, కిటుకంతా అంతే. ఒక అట్టపెట్టెలో సగం వరకు పొడి ఇసుక పోసి, అందులో మీ పెంకుటింటిని వాల్చి, అతికే అంచు నేలకు సమాంతరంగా ఉండేట్టు కుదురుపెట్టండి. ముందుగా అన్ని పలకలనూ మూలల దగ్గర ఒక్కొక్క బొట్టుతో నిలబెట్టి, మూలమట్టంతో సరిచూసుకున్న తరువాతే పూర్తి అతుకు వేయాలి. రెండు పలకలు లోపలి అంచుల దగ్గర కలిసి, బయట ఒక చిన్న కాలువలా తెరుచుకుని ఉండాలి. ఆ కాలువను టంకంతో నింపితే గుండ్రని నిండు అతుకు వస్తుంది. ఒక మూల అయ్యాక అర నిమిషం ఆగి మాత్రమే పెట్టెను తిప్పండి. నేను ఆగలేక తిప్పిన పెట్టెలో మొదటి అతుకు మళ్ళీ కరిగి నా మోకాలి మీద పడింది, మచ్చ ఇంకా ఉంది.

నాచుగోడ, విశాఖపట్నం:
అతుకుల సంగతి పెద్దలు తేల్చారు కాబట్టి నేను మొక్కల పక్షాన మాట్లాడతాను. తెల్లపొడి లేకపోయినా ఆ ఫెర్న్ బతికేది కాదన్నది నా అభిప్రాయం.

బోస్టన్ ఫెర్న్ ఆకు ఒక్కొక్కటి రెండడుగులు దాటే మొక్క. 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే ఆకులు గాజుకు అంటుకుని, ఆ తడిలో కుళ్ళడం మొదలవుతుంది. ఇక ఫిటోనియా కాడ సాగడం వెలుతురు చాలకపోవడానికి గుర్తు. తూర్పు కిటికీలో వెలుతురు తక్కువెందుకైందని మీకు అనుమానం రావచ్చు. మీ పైకప్పు ముదురు నీలం కదా. మామూలు 3 మిల్లీమీటర్ల గాజు కంటికి కనిపించే వెలుగులో నూటికి తొంభై పాళ్ళ దాకా లోపలికి వదులుతుంది. ముదురు రంగు గాజు అందులో చాలా భాగం మింగేస్తుంది. మొక్కకు వెలుగు ప్రధానంగా పైనుంచి రావాలి, మీరు అక్కడే తెర కట్టారు. ఉదయం గంటన్నర పాటు పక్కగోడలోంచి నేరుగా ఎండ పడి పెట్టె వేడెక్కింది, మిగిలిన పగలంతా చీకటి. వేడీ చీకటీ కలిపి ఇవ్వడం మొక్కను చంపడానికి దగ్గరిదారి.

ఈ గాజుపెట్టెల పుట్టుక కథ చాలామందికి తెలిసే ఉంటుంది. లండన్‌లో నథానియెల్ బాగ్‌షా వార్డ్ అనే వైద్యుడు 1829 ప్రాంతంలో ఒక చిమ్మట పురుగు గూడును తడిమట్టితో సీసాలో మూసి ఉంచితే, ఆ మట్టిలోంచి ఒక ఫెర్న్, కొంత గడ్డి మొలిచాయి. ఊరి బొగ్గుపొగకు ఆయన తోటలో బతకని ఫెర్న్ సీసాలో బతికింది. 1833లో ఆయన ఇలాంటి పెట్టెల్లో మొక్కలు పెట్టి ఓడమీద సిడ్నీకి పంపితే అవి ప్రాణాలతో చేరాయి. చైనా తేయాకు మొక్కలు మన హిమాలయపు వాలులకు చేరింది కూడా ఈ పెట్టెల్లోనే. అయితే ఆ పెట్టెలను ఓడ పైతట్టు మీద, వెలుగు తగిలేచోట ఉంచేవారన్న సంగతి మనం మరిచిపోకూడదు. వార్డ్ గారి శత్రువు పొగ, చలి. మన శత్రువు ఏప్రిల్, మే నెలల ఎండ. బయట నలభై దాటిన రోజున మూసిన గాజుపెట్టె మీద అరగంట ఎండ పడితే లోపల ఆకులు ఉడికిన తోటకూరలా వాలిపోతాయి. అందుకే మన ఊళ్ళలో టెర్రేరియంకు ఒక పలకైనా తెరుచుకునేట్టు ఉండాలి, ఉత్తరపు కిటికీ దగ్గర నేరుగా ఎండ తగలని వెలుతురులో ఉంచాలి.

పెట్టవలసినవి చెప్పమంటే: సెలాజినెల్లా, చిన్న ఆకుల పైలియా, ఫిటోనియా, గోడకు పాకే ఫైకస్ ప్యూమిలా, కింద నాచు. నాచు కోసం అడవికి వెళ్ళనక్కర లేదు. వానాకాలంలో మీ పెరటి గోడకు నీడవైపు పట్టినదాన్ని అరచేతి మేరకు గీకి తెచ్చుకోండి. ఎండపడే డాబా మీది నాచు పెట్టెలో పసుపుపచ్చబడుతుంది. ట్రేలో అడుగున రెండు సెంటీమీటర్లు గులకరాళ్ళు, దాని మీద పలచగా కట్టెబొగ్గు ముక్కలు, ఆపైన కొబ్బరిపొట్టు, ఇసుక, చివికిన ఆకుఎరువు కలిపిన మట్టి వేయండి. మట్టిని పిడికిట పిండితే నీటిచుక్క కారకూడదు. ఉదయం గాజుకు ఒకవైపు ఆవిరి పట్టి మధ్యాహ్నానికి పోతే తేమ సరిగ్గా ఉన్నట్టు. రోజంతా అన్ని గోడలూ చెమట పట్టి ఉంటే కప్పు తెరిచి ఒక పూట ఆరనివ్వండి. ఎడారి మొక్కలను మాత్రం దయచేసి మూసిన పెట్టెలో పెట్టవద్దు. దుకాణాల్లో అలా అమ్మడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మెతుకుసీమ, మెదక్:
రంగు గురించి నాచుగోడ గారు చెప్పింది మా ఊరి చర్చిలో కళ్ళారా చూడవచ్చు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చిలో మూడు పెద్ద రంగుగాజు కిటికీలున్నాయి. పగలు లోపల నిలబడితే క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం కళ్ళు చెదిరేలా వెలుగుతాయి, అదే కిటికీని బయటినుంచి చూస్తే నల్లని గాజే. రంగుగాజు అందం అటువైపు వెలుగు, ఇటువైపు చీకటి ఉన్నప్పుడే. టెర్రేరియంలో ఆ చీకటివైపు కూర్చునేది పాపం మొక్క. అందుచేత నేను రంగును వెనకగోడ కింది మూడోవంతులో, మట్టి కనిపించే మేరకే పెడతాను. ట్రేను దాచినట్టూ అవుతుంది.

పొరుగూరు, డాలస్:
ఇంట్లో పిల్లలుంటే సీసం లేని టంకమే వాడాలని నా సలహా. నేను తగరంలో కొద్దిగా రాగి కలిసిన తీగ వాడుతున్నాను. అతుకు కాస్త గరుకుగా వస్తుంది గానీ మనసుకు నిశ్చింత. పైగా మీరు చెప్పిన తెల్లసీసం బెడద ఉండనే ఉండదు.

టంకంపని, హైదరాబాద్:
పొరుగూరు గారి మాటలో న్యాయం ఉంది, పిల్లలో గర్భిణులో ఉన్న ఇంట్లో నేనూ అదే అంటాను. కాకపోతే నేర్చుకునేవారికి ఒక హెచ్చరిక అవసరం. ఆ తీగ కరగడానికి 225 డిగ్రీలు దాటాలి, అంటే మొనను ఇంకా వేడిగా ఉంచాలి. కొత్త చేయి ఒకేచోట ఎక్కువసేపు ఆగితే పట్టీ జిగురు ఊడుతుంది, గాజు పగులుతుంది. ధర కూడా ఎక్కువే. సీసం ఐరన్ వేడికి ఆవిరై ఊపిరితిత్తుల్లోకి పోతుందని చాలామంది భయపడతారు గానీ, సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర. మన ఐరన్ నాలుగు వందలకు మించదు. మనం చూసే పొగ ఫ్లక్స్‌ది, అదీ పీల్చదగినది కాదు కాబట్టి ఫ్యాను పెట్టి బయటికి తోలాలి. సీసం ఒంట్లోకి చేరే దారి చేతివేళ్ళు. పని బల్ల దగ్గర టీ కప్పు పెట్టుకునే అలవాటున్నవారు ముందు ఆ అలవాటు మానాలి, పని బట్టలు విడిగా ఉతకాలి. వంటింటి గట్టు మీద టంకం పని చేస్తున్నానని ఒకరు ఫోటో పెట్టారు ఇదివరకు, అది చూసి నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

తీగమల్లె, విజయవాడ:
అందరికీ ధన్యవాదాలు. పాత పెట్టెను చెప్పినట్టే శుభ్రం చేశాను, నీలం కప్పు ఊడదీశాను. మామూలు గాజుతో కొత్త కప్పు కోయబోతే లెక్కలో చిక్కుకున్నాను. సగం వెడల్పు 7.5, ఎత్తు 7.5 కాబట్టి వాలు 10.6 సెంటీమీటర్లని కాగితం మీద వచ్చింది. కోసి పెట్టి చూస్తే కొప్పు దగ్గర ఒకవైపు రెండు మిల్లీమీటర్ల సందు మిగిలింది.

కంసాలివీధి, రాజమహేంద్రవరం:
మీ లెక్క తప్పు కాదండీ, లెక్కకు గాజు మందం తెలియదు. పలకల మందం, పట్టీ, టంకం కలిసి పెట్టె కాగితం మీది కొలతకంటే ఎప్పుడూ పెరుగుతుంది. అందుకే కప్పును చివర కోయాలి. నాలుగు గోడలూ నిలబడ్డాక, గట్టి అట్టముక్కను వాలు మీద పెట్టి గీసుకుని, ఆ అట్ట కొలతకు గాజు కోయండి. కోసేటప్పుడు గీత ఒక్కసారే, అంచునుంచి అంచు దాకా, చీరను చింపిన సన్నని చప్పుడు వచ్చేంత ఒత్తిడితో గీయండి. గీసిన గీత మీద రెండోసారి కటర్ నడిపితే పలకా పాడవుతుంది, కటర్ చక్రమూ పాడవుతుంది.

ఇంకొక మాట. మీ పెట్టె గాజు మొత్తం సుమారు 0.19 చదరపు మీటర్లు. 3 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు తూగుతుంది కాబట్టి ఖాళీ పెట్టే దాదాపు కిలోన్నర. తడిమట్టి వేశాక రెండు చేతులతో అడుగు పట్టుకునే ఎత్తండి, కప్పు పట్టుకుని ఎత్తకండి.

తీగమల్లె, విజయవాడ:
రెండు నెలల తరువాత రాస్తున్నాను. అట్ట పద్ధతిలో కప్పు సరిగ్గా కూర్చుంది. ఒక పలకకు సన్నని ఇత్తడి గొట్టం, అందులో రాగి తీగ పెట్టి బందులా చేశాను. పెట్టె ఉత్తరపు కిటికీ దగ్గరికి మారింది. సెలాజినెల్లా ట్రే అంచులు దాటింది, నాచు మీద చిన్న చిన్న కాడలు లేచాయి, అతుకుల మీద తెల్లదనం జాడ లేదు. ఒకటే లోపం మిగిలింది: బందు అతికేటప్పుడు టంకం గొట్టంలోకి పారి తీగను పట్టేసింది. కప్పు సగం వరకే తెరుచుకుంటోంది, అగ్గిపుల్ల అడ్డం పెట్టి నడుపుతున్నాను.

టంకంపని, హైదరాబాద్:
ఐరన్ మొనను గొట్టం మధ్యలో ఆనించి, లోపలి టంకం కరిగిందనిపించగానే తీగను పటకారుతో లాగేయండి, గొట్టం దక్కుతుంది. మళ్ళీ అతికేముందు తీగకు కొబ్బరినూనె రాసి, గొట్టం రెండు చివర్లలోనూ పుల్ల విరిచి దూర్చండి. నూనె ఉన్నచోట టంకం పట్టదు. ఆ నూనె రాగిపట్టీకి మాత్రం అంటకుండా చూసుకోండి, అంటితే అక్కడా పట్టదు.